ఇంటి గేటుకు పౌడర్ కోటింగా, ఎనామెలా?

విశాఖ_కొత్తిల్లు: సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఇల్లు కడుతున్నాం. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) గేటుకు, గ్రిల్స్‌కు పౌడర్ కోటింగ్, అదే రంగు పొడి కొట్టి ఓవెన్‌లో కాల్చి అంటించేది, అంటే రేటు చాలా చెబుతున్నారు. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి మామూలు ఎనామెల్ పెయింట్ వేయిస్తే సరిపోదా? ఏ రంగు బాగుంటుంది?

గ్రిల్స్_గోల: పాతింట్లో రెండేళ్లకోసారి గీకించడం, ఎనామెల్ కొట్టించడం. అమ్మకు ఆస్తమా, థిన్నర్ వాసనకు వారం రోజులు పిన్ని వాళ్లింట్లో ఉంచేవాళ్లం. పౌడర్‌లో థిన్నరే ఉండదు. కొత్తింట్లో వేయించి ఆరేళ్లయింది, తడిబట్టతో తుడుచుకుంటే చాలు.

తుప్పు_గేటు: మాదీ పౌడరే. ఏడాదిన్నరకే పొక్కులు లేచి తొక్కలా ఊడొచ్చింది.

ఓవెన్_మాస్టర్: పదహారేళ్లుగా ఇదే నా పని. అది పౌడర్ తప్పు కాదు. ఆయిల్, తుప్పు తీసి, ఫాస్ఫేటింగ్ (పొర బాగా పట్టడానికి ఫాస్ఫేట్ మందులో ముంచడం) చేసి, ఆరాకే పౌడర్ గన్ పట్టాలి. మీవాళ్లు గుడ్డతో తుడిచి కొట్టేసి ఉంటారు. సరిగ్గా చేసి 180–200 డిగ్రీల్లో బేక్ చేస్తే 60–80 మైక్రాన్ల పొర ఒకేలా పడుతుంది. కారడాలు, బ్రష్ గీతలు ఉండవు. రాలిన పౌడర్ పోగుచేసి మళ్లీ వాడుకోవచ్చు.

తుప్పు_గేటు: దగ్గరుండి చూశాను సార్, ట్యాంకుల్లోనే ముంచారు. చూడకుండా గుడ్డతో తుడిచారని ఎలా అంటారు?

ఓవెన్_మాస్టర్: బిగించాక వెల్డింగ్ చేశారా? ఆ వేడికి పొర కాలిపోతుంది.

తుప్పు_గేటు: గడియ ఒక్కటే. పొక్కులు మాత్రం అన్ని మూలల్లోనూ వచ్చాయి.

ఓవెన్_మాస్టర్: గన్‌లో కరెంటు చార్జ్ ఎక్కిన పౌడర్ ఇరుకు మూలల్లోకి సరిగా వెళ్లదు. గన్ వోల్టేజ్ తగ్గించి కొట్టాలి. కొట్టినవాడికి అది తెలియదు.

బ్రష్_పని: ఏం జరిగినా చేసినవాడిదే తప్పా? ఎనామెల్ గేటు మీద గీత పడితే నేనొచ్చి పావుగంటలో సరిచేస్తాను. పౌడర్ గేటైతే మళ్లీ అలాగే రావాలంటే విప్పి ఓవెన్ దాకా మోయాలి. ఆ ఖర్చు ఎవరూ చెప్పరు.

గ్రిల్స్_గోల: ఆరేళ్లలో ఒక్క గీతా పడలేదన్నా మాకు.

పాత_బుల్లెట్: నా బుల్లెట్ బండి ఛాసిస్‌కు పౌడర్ వేయించాను, అద్దంలా ఉంది. కానీ బేరింగ్ కప్పులకు మాస్కింగ్ టేప్ వేయలేదు. పొర మందానికి బేరింగ్ కూర్చోక రెండు రోజులు గీకాను.

డాబా_రెయిలింగ్: పౌడర్‌లోనూ రకాలున్నాయి. ఎపాక్సీ పౌడర్ ఎండకు ఆగదు. మా రెయిలింగ్ ముట్టుకుంటే చేతికి సున్నంలా అంటుతోంది. బయటికైతే పాలిస్టర్ పౌడర్ అని బిల్లు మీద రాయించుకోండి.

విశాఖ_కొత్తిల్లు: గడియ, కొండీలు, కాలింగ్ బెల్ క్లాంపు అన్నీ ముందే వెల్డింగ్ చేయించి పంపుతాను. పాలిస్టరే అడుగుతాను. రంగు ఎవరైనా చెప్పండి.

తుప్పు_గేటు: మాస్టర్ గారూ, రేపు మూలల ఫోటోలు పెడతాను. చూసి చెప్పండి.