అప్‌డేట్: నీటి చార్జీల పెంపు, మా వీధి రోడ్డు గురించి

నీటి చార్జీలు పెంచి ఆ డబ్బు రోడ్లకు మళ్లిస్తున్నారా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా, నిన్న కౌన్సిల్ సమావేశానికి వెళ్లొచ్చాను. రెండు ఖాతాలూ వేరని బడ్జెట్ కాగితాలు చూపించారు. పాత పైపులు మార్చాకే మా వీధికి తారు వేస్తారట, అదే సరైన పద్ధతి, లేదంటే కొత్త రోడ్డును మళ్లీ తవ్వాల్సిందే.

ఇక మా ఇంట్లో నీళ్లు ఎక్కడైనా లీకవుతున్నాయేమో అని, మీరు చెప్పినట్టు కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటర్ చూస్తే, అందులోని చిన్న ఎర్ర చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది! ఫ్లష్ ట్యాంకులో రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగితే, ఆ రంగు కమోడ్‌లోకి దిగిపోయింది, అంటే లీకు అక్కడే. ట్యాంకు వాషర్ మార్చాక మీటర్ చక్రం ఆగింది.

కానీ ఎంత వాడినా ఒకేలా పడే స్థిర చార్జీ తక్కువ వాడేవాళ్లకే భారం, అది అన్యాయం. దాని మీద అభ్యంతరం రాసి ఇచ్చి, రసీదు తీసుకున్నాను.