వర్టస్ జీటీకి క్యాట్-బ్యాక్: వేయించాలా, ఉన్నది ఉండనివ్వాలా?

నిజాంపేట జీటీ
నాది 2023 ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ, 1.5 టీఎస్ఐ టర్బో పెట్రోల్, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 28 వేల కిలోమీటర్లు తిరిగింది. పరుగుకు వంక పెట్టేదేమీ లేదు. 150 పీఎస్ బండి, గొంతు మాత్రం మా ఆవిడ ఆల్టోది. అందుకే క్యాట్-బ్యాక్ వేయిద్దామని ఉంది, అంటే పొగలో విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) తర్వాత నుంచి వెనక టిప్ దాకా మొత్తం సైలెన్సర్ లైన్ మార్చడం. ఒక షాపులో 304 స్టెయిన్‌లెస్, రెండున్నర అంగుళాల పైపు, శబ్దం పెంచుకోవడానికి రిమోట్‌తో తెరుచుకునే వాల్వ్, బిగింపుతో కలిపి 65 వేలు అన్నారు. 15 హార్స్‌పవర్ పెరుగుతుందని కూడా అన్నారు. రోజూ నిజాంపేట నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసుకు వెళ్తాను, ఆదివారం తెల్లవారితే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒక రౌండు. వేయించాలా, వద్దా? 65 వేల సంగతి ఇంట్లో ఇంకా తెలియదు కాబట్టి ఆ కోణంలో సలహాలు వద్దు.

రెడ్‌లైన్ రాజు
వేయించేయ్ అన్నా, ఇందులో అడిగేదేముంది? నేను ఐ20 ఎన్ లైన్‌కు వెనక మఫ్లర్ (శబ్దం తగ్గించే డబ్బా) ఒక్కటే మార్పించాను. మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లో అద్దాలు దించి రెండో గేర్‌లో వెళ్తే, ఆ రోజంతా ఆఫీసులో ఎవరేమన్నా పట్టదు. హార్స్‌పవర్ లెక్కలు ఎవరికి కావాలి? మనం డబ్బు పెట్టేది చెవి కోసం.

పాత పోలో
రాజు కనీసం నిజం చెప్పాడు, చెవి కోసమేనని. 15 హార్స్‌పవర్ అన్న షాపువాళ్లను మాత్రం డైనో (ఇంజన్ పవర్ కొలిచే మెషీన్) కాగితాలు అడగండి. బిగించక ముందు ఒకటి, తర్వాత ఒకటి, రెండూ ఒకే రోజు, ఒకే మెషీన్ మీద తీసినవి. టర్బో బండిలో పొగను గట్టిగా అడ్డుకునేది ఆ పొగతోనే తిరిగే టర్బైన్, దాని వెంటనే ఉండే క్యాట్. వాటిని దాటాక పైపు ఎంత వెడల్పు చేసినా, ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చే ట్యూన్ లేకుండా ఐదారు హార్స్‌పవర్ వస్తే గొప్పే. అలాగని క్యాట్ తీసేయించే ఆలోచన చేయకండి. దాని వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ పట్టేస్తుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, ట్రాఫిక్‌లో మీ వెనక ఉన్నవాడు ఆ ఘాటు పీల్చాలి.

నా అసలు అభ్యంతరం వేరే. మీ ఇంజన్‌కు తేలికగా వెళ్తున్నప్పుడు మధ్యలో రెండు సిలిండర్లు ఆగిపోయే ఏర్పాటు ఉంది. నాలుగు సిలిండర్లూ పనిచేస్తే 2000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 67 పేలుళ్లు. రెండే పనిచేస్తే 33. చెవికి శబ్దంలా కాకుండా తలలో మోతలా తగిలేది ఆ తక్కువ ఫ్రీక్వెన్సీయే. దాన్నే మనవాళ్లు డ్రోన్ అంటారు. కంపెనీ ఇచ్చిన అంత పెద్ద మఫ్లర్, మధ్యలో రెజొనేటర్ డబ్బా ఉన్నది దాన్ని మింగడానికే.

డ్రోన్‌ను చంపడానికి జే-పైప్ అని చివర మూసిన ఒక కొమ్మలాంటి పైపు వెల్డ్ చేస్తారు. దాని పొడవు ఆ శబ్ద తరంగంలో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో లెక్క కడితే 67కు సుమారు 1.75 మీటర్లు. 33కు మూడున్నర మీటర్లు. బండి పొడవే నాలుగున్నర మీటర్లు, ఆ కొమ్మ ఎక్కడ పెడతారు?

మూడో ఫ్లోర్
నాకు కార్ల గురించి తెలియదు. ఇలాంటి కారు వల్ల కలిగే బాధ తెలుసు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకాయన బండి ఉంది. తెల్లవారి 5:20కి స్టార్ట్ చేస్తారు. స్టార్ట్ చేయగానే కాసేపు గట్టిగా అరుస్తుంది, తర్వాత తగ్గుతుంది. ఆ కాసేపట్లోనే పక్కన ఉన్న రెండు స్కూటర్ల అలారాలు మోగుతాయి, మా ఏడు నెలల బాబు లేస్తాడు. బాబు లేస్తే మళ్లీ పడుకునేది ఏడింటికి. ఒకరోజు కిందికి వెళ్లి అడిగాను. "వాల్వ్ మూసే ఉంది మేడమ్" అని రిమోట్ చూపించారు. నాకు రిమోట్ ఎందుకండీ? 65 వేలు మీవి, నిద్ర మాది.

రెడ్‌లైన్ రాజు
మేడమ్, మీ బాధ నిజమే. కానీ బారాత్‌లో రాత్రి పన్నెండు దాకా డీజే, సిగ్నల్ పడకముందే హారన్లు, గల్లీలో పటాకులు పేల్చే బుల్లెట్లు, వీటన్నిటినీ వదిలేసి ఊళ్లో పది మంది కార్ల మీదే ఎందుకు పడతారు?

మూడో ఫ్లోర్
డీజే వాళ్ల మీద కూడా 100కు ఫోన్ చేశాను. రెండుసార్లు. పెళ్లి ఒక్క రాత్రితో అయిపోతుంది, మీ ఆదివారం వారం వారం వస్తుంది.

పాత పోలో
ఆమె చెప్పింది సరిగ్గా కోల్డ్ స్టార్ట్ (చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేయడం) గురించే. చల్లని క్యాట్ పని చేయదు కాబట్టి, దాన్ని త్వరగా వేడెక్కించడానికి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఐడిల్, అంటే బండి నిలబడి ఉన్నప్పటి ఇంజన్ వేగం, పెంచి, స్పార్క్ ఆలస్యం చేస్తుంది. ఆ నిమిషం బండి ఎలాగూ గట్టిగా ఉంటుంది, దాని మీద సన్నటి మఫ్లర్ పెడితే ఇక సెల్లార్ డప్పే. వాల్వ్ మూసినా పొగ మఫ్లర్ లోంచే రావాలి, కాబట్టి ఆ మఫ్లర్ ఎంత మంచిదో వాల్వ్ అంతే మంచిది.

చట్టం సంగతి కూడా వినండి, ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 182ఏ కింద ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా వేయొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190(2) కింద 10 వేల దాకా, లైసెన్సు మూడు నెలలు పోవచ్చు. మీ 2023 బండి కొత్తగా వచ్చినప్పుడు ప్రయాణ శబ్ద పరిమితి 74 డెసిబెల్స్. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి రెట్టింపు వినిపిస్తుంది. "మాది ఈ-మార్క్ ఉన్న ఇంపోర్టెడ్ పీస్" అని షాపువాళ్లు అంటే నవ్వి ఊరుకోండి. ఆ ముద్ర యూరప్ అనుమతి, వర్టస్‌ను అక్కడ అమ్మరు కూడా.

రెడ్‌లైన్ రాజు
పంతులు గారూ, పోలోకు స్టేజ్ 1 మ్యాప్ (పవర్ పెంచే ట్యూన్) వేయించింది మీరే కదా?

పాత పోలో
వేయించాను. తీయించాను కూడా. నీలాగే 29 ఏళ్లు నాకూ ఉండేవి తమ్ముడూ.

బాలానగర్ ఫిట్టర్
ఫాబ్రికేషన్ షెడ్డులో నా పని ఇదే సార్. వేయించాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. వేయిస్తే మాత్రం బిగింపు దగ్గర నిలబడి చూసుకోండి. కొట్టుకుంటోంది, గరగరమంటోంది అని మా దగ్గరికి వచ్చే వాటిలో చాలావాటికి పైపు మంచిదే, బిగింపే తప్పు.

ముందు వంపులు చూడండి. మ్యాండ్రెల్ బెండ్ అయితే వంపులో కూడా పైపు గుండ్రంగా ఉంటుంది. నలిగి చపాతీలా అయితే రెండున్నర అంగుళాలకు మీరు ఇచ్చిన డబ్బు అక్కడే పోయింది. బండి మీదే వెల్డింగ్ పెట్టేవాడు బ్యాటరీ నెగటివ్ తీయకుండా మొదలుపెడితే అక్కడే ఆపండి. పైపును వేలాడదీసే పాత రబ్బరు హ్యాంగర్లను స్క్రూడ్రైవర్‌తో పీకితే చిరుగుతాయి. కాస్త సబ్బు నీళ్లు రాసి వేళ్లతో తిప్పితే వచ్చేస్తాయి. జాయింటు మధ్య పెట్టే గాస్కెట్ మాత్రం కొత్తదే వేయాలి.

ఏ జాయింటునూ మొదటే గట్టిగా బిగించకూడదు. అన్నీ వదులుగా ఉంచి, లైన్ మొత్తం వేలాడదీసి, టిప్ బంపర్‌కు మధ్యలో కుదిరాక, ముందు నుంచి వెనక్కి బిగిస్తూ రావాలి. రెండున్నర మీటర్ల 304 పైపు 300 డిగ్రీలు వేడెక్కితే 12, 13 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బంపర్‌కు ఆనుకుని అందంగా కుదిరిన టిప్, శంషాబాద్ వెళ్లి వచ్చేసరికి బంపర్‌ను కరిగించిన బండి చూశాను.

ఇంకొకటి చాలామంది చూడరు. లిఫ్ట్ మీద వెనక యాక్సిల్ బీమ్ కిందికి వేలాడుతుంది, పైపుకూ దానికీ నాలుగు వేళ్ల సందు కనిపిస్తుంది. బండి దిగి, వెనక ముగ్గురు కూర్చుని, మన కాలనీ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఆ బీమ్ పైకొచ్చి పైపును తంతుంది. బీమ్ కింద జాక్ పెట్టి బరువు ఎక్కించి చూడమనండి. చివర్లో టిప్‌లో తడి గుడ్డ కుక్కి, ఐడిల్‌లో ఉంచి, ప్రతి జాయింటు మీద సబ్బు నీళ్లు కొట్టాలి. బుడగ వస్తే లీకు. 200 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బోల్టులు చూపించండి, చాలామంది రారు.

నిజాంపేట జీటీ
అందరికీ థాంక్స్. ఇదే కిట్ వేయించుకున్న ఒకాయన ఆదివారం నార్సింగి దగ్గర కలిసి తన బండి ఇచ్చారు. మొదటి పది నిమిషాలు స్వర్గం, రాజు చెప్పింది అక్షరాలా నిజం. తర్వాత 100 మీద నిలకడగా వెళ్తుంటే మీటర్‌లో 2-సిలిండర్ అని పడింది. అంతే, సీటు కింద ఎవరో తడి గ్రైండర్ ఆన్ చేసినట్టయింది. కప్ హోల్డర్‌లో నీళ్ల బాటిల్ మీద సన్నటి అలలు. పక్కన ఆయన ఏదో అంటున్నారు, నాకు పెదవులు కదలడమే కనిపించింది. వాల్వ్ మూసే ఉందట.

65 వేల కిట్ మానుకున్నాను. మధ్య రెజొనేటర్ కదపకుండా వెనక మఫ్లర్ ఒక్కటి మార్చే ఆలోచన ఇంకా పోలేదు. 5 వేల జరిమానా దానికీ వర్తిస్తుందని తెలుసు, ఆ మూడో ఫ్లోర్ బాబు కూడా గుర్తొస్తున్నాడు. తీసిన స్టాక్ మఫ్లర్ దాచడానికి బాల్కనీలో చోటు సరిపోతుందా అని నిన్న టేపుతో కొలుస్తుంటే మా ఆవిడ చూసింది. ఫిట్టర్ గారూ, మీ షెడ్డు ఆదివారం ఉంటుందా? ఊరికే, అడుగుతున్నాను.