ఇనె: ఒక రాత్రి ఉండాలా, పగలు చూసి వచ్చేస్తే చాలా?

సుమ_నగోయా
నమస్తే అండీ. నవంబర్ రెండో వారంలో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. టోక్యో, క్యోటో గుళ్ళు ఎలాగూ చూస్తారు. ఒక్క చిన్న ఊరైనా చూపించాలని నా కోరిక. నాన్నకి సముద్రం ఇష్టం. క్యోటోకి ఉత్తరాన తాంగో ద్వీపకల్పంలో ఇనె అనే ఊరుంది కదా, కింద పడవ, పైన గది ఉండే ఇళ్ళు, ఫునాయాలు అంటారు. అక్కడికి వెళ్దామనుకుంటున్నాం. ఒక రాత్రి ఉండాలా, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయాలా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా శుద్ధ శాకాహారి. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాస్_పండితుడు
పర్యాటకులకి ఇచ్చే, దేశమంతా తిరిగే రైలు పాసు జేఆర్ పాస్, ఇనెకి బస్సు పట్టుకునే స్టేషన్ అమనోహషిదాతే దాకా పూర్తిగా పనిచెయ్యదు. చివరి ముక్క క్యోటో తాంగో రైల్వేది, దానికి విడిగా కట్టాలి. క్యోటో, ఒసాకా చుట్టుపక్కలకి ఇచ్చే కన్సాయ్ వైడ్ పాస్ అయితే పనిచేస్తుంది. అక్కణ్ణుంచి ఇనెకి బస్సులో గంట.

ఒసాకా_బాబాయ్
అమ్మా సుమా, రాత్రి ఉండకపోతే అసలు వెళ్ళకు. పదకొండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఇనెకి నాలుగుసార్లు వెళ్ళాను, ఆ అనుభవంతోనే అంటున్నాను. పదకొండు గంటలకి బస్సులు, కార్లు వచ్చి పడతాయి. అందరూ కాఫీ తాగి, పడవెక్కి, పక్షులకి మేత వేసి, ఫొటోలు తీసుకుని నాలుగింటికల్లా వెళ్ళిపోతారు. ఊరికి మిగిలేది చెత్త, ట్రాఫిక్కు. అసలు ఊరు కనబడేది ఆ తర్వాతే. సాయంత్రం ఒక ముసలాయన ఇంటి ముందు నీళ్ళలోంచి తాడు లాగుతున్నాడు. ఏమిటా అని చూస్తే తీగల బుట్ట. మోందొరి అంటారు. కోసిన చేపల తలలు, తోకలు అందులో వేసి నీళ్ళలో దింపితే, వాటి కోసం వచ్చిన చేపలు చిక్కుకుంటాయి. ఆయన నాలుగు చేపలు తీసుకుని, మళ్ళీ తాడు వదిలి, రోడ్డు దాటి అవతలున్న ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఇది పగటిపూట వచ్చేవాళ్ళకి కనబడదు. ఈమధ్య ఇక్కడ పెడుతున్న కొన్ని ఫొటోలు చూస్తే కడుపు మండుతుంది. ఎవరివో వాళ్ళకే తెలుసు.

రెండ్రోజుల_సెలవు
బాబాయ్ గారూ, పేరు పెట్టే చెప్పండి. పోయిన నెల ఇనె ఫొటోలు పెట్టింది నేనే.

సుమ గారూ, నేను పగటిపూటే వెళ్ళొచ్చాను. చాలా బాగుంది. రేవు దగ్గర పడవెక్కితే పాతిక నిమిషాల్లో అఖాతం చుట్టి చూపిస్తుంది. కొండ మీద రోడ్డు పక్క విశ్రాంతి కేంద్రం నుంచి చూస్తే మొత్తం 230 దాకా ఫునాయాలు వంక తిరిగి కనబడతాయి. అఖాతం అంచు అయిదు కిలోమీటర్లు. మీ అమ్మగారు అంతా నడవనక్కర్లేదు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళి రాత్రి నిటారు చెక్కమెట్లు ఎక్కించాలా? ఆలోచించండి.

చారు_ప్రియ
శాకాహారం సంగతి ఎవరూ మాట్లాడటం లేదేం? మిసో సూప్ శాకాహారమే అని చెప్తారు, నమ్మొద్దు. అందులో దాషి ఉంటుంది, ఎండు చేప తురుము మరిగించిన నీళ్ళు. నేను మూడేళ్ళు తాగాక తెలిసింది. మూడేళ్ళు!

ఒసాకా_బాబాయ్
రెండ్రోజుల సెలవు, పేరు నువ్వే పెట్టుకున్నావు కాబట్టి అడుగుతున్నాను. రెండో ఫొటో ఎక్కడ నిలబడి తీశావు? ఫ్రేములో కుడివైపు చెక్క స్తంభం, దానికి వేలాడే వల, కింద పడవ ముక్కు, ఎదురుగా నీళ్ళు. అది రోడ్డు మీద నుంచి రాదు. ఫునాయా లోపల నిలబడితేనే వస్తుంది.

రెండ్రోజుల_సెలవు
అది తెరిచే ఉంది. తలుపే లేదు.

ఒసాకా_బాబాయ్
తలుపు లేకపోతే ఇల్లు కాదా? ఊరంతా బోర్డులు ఉన్నాయి, ప్రైవేటు స్థలం, లోపలికి రావద్దని. ఇంగ్లీషులో కూడా ఉన్నాయి.

రెండ్రోజుల_సెలవు
నేను వెళ్ళిన చోట బోర్డు లేదు. అది ఇల్లు కూడా కాదు, పడవ పెట్టుకునే పాక. ఇల్లు రోడ్డుకి అవతల ఉంటుందని మీరే ఇందాక రాశారు. పాక ముందు రెండు నిమిషాలు నిలబడ్డాను, ఎవరూ ఏమీ అనలేదు, దేన్నీ ముట్టుకోలేదు.

ఒసాకా_బాబాయ్
ముందా, లోపలా?

రెండ్రోజుల_సెలవు
పైకప్పు కింద. సరేనా?

నిద్రలేని_టోక్యో
2024 మేలో ఫుజి కొండ దగ్గరి ఫుజికవాగుచికో ఊళ్ళో, ఫొటోల కోసం ఎగబడే జనాన్ని ఆపడానికి, దుకాణం వెనక ఫుజి కనబడకుండా పెద్ద నల్లతెర కట్టారు, గుర్తుందా? తర్వాత తీసేశారు. తెర కట్టే దాకా జనం ఆగరు. అంతే.

ఉప్పాడ_కుర్రోడు
ఇన్నేళ్ళుగా చదవడమే, రాయడం ఇదే మొదలు. మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. ప్రస్తుతం యొకొహామాలో ఉన్నాను.

బాబాయ్ గారిని ఒకటి అడగాలి. నీళ్ళకి ఆనుకుని కట్టిన ఆ ఇళ్ళని సముద్రం ఎందుకు తీసుకుపోవడం లేదు? మా ఊళ్ళో ఏటేటా రోడ్డు కోసుకుపోతుంటే రాళ్ళు వేస్తున్నారు, ఆ రాళ్ళూ పోతున్నాయి. ఇక్కడ పడవ కింద ఉండగానే పైన పడుకుంటున్నారంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

ఒసాకా_బాబాయ్
మంచి ప్రశ్న. ఇనె అఖాతం దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది. ఉత్తరం నుంచి వచ్చే గాలికి వెనక కొండ అడ్డం. అఖాతం మూతి దగ్గర ఆఒషిమా అనే దీవి కాపలా కాస్తున్నట్టు ఉంటుంది, అలలు దానికి తగిలి విరిగిపోతాయి. ఇక జపాన్ సముద్రంలో ఆటుపోట్ల తేడా తక్కువ, అక్కడ అరమీటరు దాకానే. అందుకే ఇంటి గడప దాకా నీళ్ళున్నా ఇల్లు మునగదు. పాతరోజుల్లో చెక్కపడవని నేరుగా లోపలికి లాక్కునేవాళ్ళు, పైన వలలు, పనిముట్లు. ఇప్పటి ఫైబర్ పడవలు వెడల్పు ఎక్కువ, లోపల పట్టవు, బయటే కట్టేస్తున్నారు. దాంతో లోపలి చోటు ఖాళీ. కొన్ని బసలయ్యాయి, ఒకటి రెండు కాఫీ దుకాణాలు. 2005లో ప్రభుత్వం ఆ ఊరిని రక్షిత సంప్రదాయ కట్టడాల ప్రాంతంగా ప్రకటించింది. చేపలపల్లెకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి.

ఉప్పాడ_కుర్రోడు
అదృష్టవంతులు.

రెండ్రోజుల_సెలవు
బాబాయ్ గారూ, మీరు నాలుగుసార్లు వెళ్ళి నాలుగు రాత్రులు ఉన్నారు. ఒక రాత్రికి ఎంత అయిందో అది కూడా చెప్పండి. నేను చూసినప్పుడు ఇద్దరికి ముప్పై వేల యెన్‌ల పైమాటే. చాలా బసల్లో రోజుకి ఒక్క కుటుంబాన్నే ఉంచుకుంటారు, కాబట్టి తక్కువకి దొరకదు. నేను హ్యోగోలో ఒక ఆహార ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేస్తాను. ప్యాకెట్లకి మూతలు బిగిస్తాను. పేరుకి తగ్గట్టే నాకు వరసగా రెండు రోజులు సెలవు దొరికేది ఏడాదికి మూడు నాలుగుసార్లు. అందులో ఒక రోజు బట్టలు ఉతుక్కోవడానికే పోతుంది. ఆ మిగిలిన రోజు నేను బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. తిన్నాను, పడవ టికెట్టు కొన్నాను, ఇనె మంకై అనే ఎర్ర సాకే, అదే బియ్యపు మద్యం, ఒక సీసా కొన్నాను. 1754 నుంచి నడుస్తున్న దుకాణం అట, పాతకాలపు ఎర్రబియ్యంతో చేస్తారట. ఊరికి నా నుంచి చెత్తా ట్రాఫిక్కూ తప్ప ఏమీ రాలేదంటారా?

చారు_ప్రియ
సాకేలో దాషి ఉండదు, అది మాత్రం నిశ్చింతగా తాగొచ్చు.

ఒసాకా_బాబాయ్
డబ్బు గురించి నేను ఒక్క ముక్క అనలేదు. పద్ధతి గురించి అన్నాను. ఇంకొకరి పాకలో కాలు పెట్టి, ఇప్పుడు పేదరికం అడ్డం పెట్టుకుంటే ఎలా?

రెండ్రోజుల_సెలవు
పేదరికం అని నేను రాశానా? చూపించు. రాత్రి ఉండకపోతే అసలు వెళ్ళకు అన్నది నువ్వు. ఆ మాట ఎవరికి తగులుతుందో ఆలోచించావా? గది అద్దెకి తీసుకోలేనివాడు నీ లెక్కలో చెత్త. నీలాంటివాళ్ళు వచ్చి ఒక ఊరు దొరికిందని బ్లాగు రాస్తారు, అది చదివి నాలాంటివాళ్ళు వస్తే ఊరు పాడైందంటారు. నీ ఇనె బ్లాగు చదివే నేను వెళ్ళాను. నిజం.

మోడరేటర్
ఏకవచనాలు వద్దు. సుమ గారి ప్రశ్నకి తిరిగి రండి.

ఉప్పాడ_కుర్రోడు
మోడరేటర్ గారూ, ఒక్కసారి. ఇది నాకు కూడా సంబంధించింది.

తలుపు లేని పాక అన్నారు. మా ఊళ్ళో వలలు బాగుచేసుకునే పాకకి కూడా తలుపు ఉండదు. మా అమ్మ చేపలు ఎండేసే గచ్చుకి గోడ కూడా లేదు. ఎక్కడి నుంచైనా ఎవరైనా రావొచ్చు, వస్తూనే ఉంటారు. కారు ఆపి, చేపలు కొనకుండా, అమ్మ చేతిలో కత్తి ఉండగా ఫొటో తీసి వెళ్ళిపోతారు. ఒకతను "అమ్మా, కొంచెం అటు తిరగండి, వెలుతురు బాగుంది" అన్నాడు. అమ్మ తిరిగింది. ఏమీ అనలేదు. ఆ రాత్రి నాతో ఫోన్లో "ఏటో తీసుకున్నాడు రా" అంది. ఆ తర్వాత ఒక తుఫానుకి మా ఇంటి వెనక గది సముద్రంలో కలిసిపోయింది. ఆ రోజూ వచ్చారు ఫోన్లు పట్టుకుని. గోడ పడే క్షణం కోసం కాచుకుని కూర్చున్నారు. పడగానే ఎవరో ఈల వేశారు.

రెండ్రోజుల సెలవు అన్నా, మీ మీద నాకు కోపం లేదు. మీరూ నాలాగే రాత్రిళ్ళు పనిచేసేవాళ్ళు. ఎవరూ ఏమీ అనలేదన్నారు కదా, ఆ మాట దగ్గరే నాకు పీక పట్టేసింది. అనరు. మావాళ్ళూ అనరు.

బాబాయ్ గారూ, మీరు చూసిన ఆ ముసలాయన కూడా తన బుట్ట తను లాక్కుంటున్నాడు. మీరు నిలబడి చూశారు. గది అద్దె కట్టింది ఇంకెవరికో, ఆయనకి కాదు.

నిద్రలేని_టోక్యో
🙏

రెండ్రోజుల_సెలవు
ఆ ఫొటో తీసేశాను. మిగతావి రోడ్డు మీద నుంచి తీసినవే, అవి ఉంచుతున్నాను.

కానీ తమ్ముడూ, ఒకటి చెప్తాను. మా ఫ్యాక్టరీకి ఎవరూ చూడటానికి రారు. నేను మూతలు బిగించడం ఫొటో తీసుకునేవాడు లేడు. నన్ను ఎవరూ చూడని దేశంలో నేను ఒక్క రోజు ఏదో ఒకటి చూడటానికి వెళ్ళాను. అది కూడా ఎలా చూడాలో ఇంకొకరు చెప్తే మండింది. అంతకుమించి ఏమీ లేదు.

ఒసాకా_బాబాయ్
రెండు రోజులు ఇటు రాలేదు.

మొదటిసారి నేను ఇనె వెళ్ళింది 2015లో, పగటిపూటే. అప్పుడు నా దగ్గరా డబ్బు లేదు. ఒక ఫునాయాలోకి వెళ్ళాను, రెండ్రోజుల సెలవు లాగా పైకప్పు కిందికి కాదు, ఇంకా లోపలికి, మెట్ల దాకా. ఒక పెద్దావిడ అక్కడ చిన్న పీట మీద కూర్చుని వల చిక్కులు తీస్తోంది. నన్ను చూసింది. నేను వంగి సుమిమాసెన్, క్షమించండి అన్నాను. ఆవిడ కూడా తల వంచింది, లేచి వల తీసుకుని, రోడ్డు దాటి ఇంట్లోకి వెళ్ళిపోయింది. తన పాకలోంచి తనే వెళ్ళిపోయింది, నేను అక్కడే ఉన్నాను. ఆ తర్వాత ప్రతిసారీ గది తీసుకుంటున్నాను. ఎందుకో ఇప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఆ మొదటి వాక్యం తప్పే. దిద్దే వీలు లేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను: సుమా, రాత్రి ఉండకపోయినా వెళ్ళండి.

ఉప్పాడ_కుర్రోడు
బాబాయ్ గారూ, ఆ వల నైలాన్‌దా, నూలుదా? ఊరికే అడుగుతున్నా.

ఒసాకా_బాబాయ్
నీలంరంగు నైలాన్.

ఉప్పాడ_కుర్రోడు
మా ఇంట్లోదీ అదే.

చారు_ప్రియ
అందరూ అన్నీ మాట్లాడారు, ఆ అమ్మగారు ఏం తింటారో ఎవరూ చెప్పలేదు. మళ్ళీ రాస్తున్నాను: దాషి. హోటల్లో అడిగితే "చేప ముక్కలు లేవు" అంటారు, అది వేరే, ఇది వేరే.

సుమ_నగోయా
అందరికీ థాంక్స్. ఇంత గొడవ అవుతుందని తెలిస్తే అడిగేదాన్నే కాదు 😅

మూడు బసలకి రాశాను. ఒకటి జవాబు ఇవ్వలేదు. ఇంకొకటి నిండిపోయింది. మూడో ఆవిడ చాలా మర్యాదగా రాసింది, మా మెట్లు నిచ్చెనలాగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులుంటే దయచేసి మరోసారి ఆలోచించండి అని. మెట్ల ఫొటో కూడా పంపింది. అమ్మ చూసి "నేను కిందే పడవలో పడుకుంటాను" అంది.

కాబట్టి పగటి ప్రయాణమే. రాత్రికి అమనోహషిదాతేలో మామూలు హోటల్, లిఫ్ట్ ఉంది. తిండికి అమ్మ పులిహోర కలుపుతానంది, మాకూ వాళ్ళకీ. బస్టాపు దగ్గర బెంచీలు ఉన్నాయా? కూర్చుని తినొచ్చా?

రెండ్రోజుల_సెలవు
బెంచీ ఉంది. కానీ బయట తినకండి. పైన గద్దలు తిరుగుతుంటాయి, చేతిలోది ఎత్తుకుపోతాయి. నా ఒనిగిరి, అన్నం ముద్ద, అలాగే పోయింది.

ఒసాకా_బాబాయ్
గొడుగు మర్చిపోవద్దు. నవంబర్‌లో తాంగోలో ఎండ కాస్తూ కాస్తూనే వాన పడుతుంది, ఉరానిషి అంటారు. అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు అని అక్కడి సామెత.

సుమ_నగోయా
అమ్మకి చదివి వినిపించాను. పులిహోర మర్చిపోయే ప్రశ్నే లేదట.