ఊరూ పేరూ లేని మొక్కకు ఏం పేరు రాయాలి?

అందరికీ నమస్కారం. దక్షిణ జర్మనీలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మా ఊరి పాత సమాధుల తోటలో, రాతి అంచుల మీద, చారెడు మట్టి కూడా లేని చోట హౌస్‌వుర్ట్స్ అనే మొక్క పెరుగుతుంది. శాస్త్రనామం సెంపర్‌వివం. దళసరి ఆకులు చిన్న తామరపువ్వులా ఒత్తుగా పేర్చుకుని ఉంటాయి. నర్సరీల్లో దీనికి పేరున్న రకాలు వేలల్లో దొరుకుతాయి. సమాధుల మీదివి మాత్రం ఏ బామ్మ ఏ పొరుగింటి నుంచి తెచ్చి నాటిందో ఎవరికీ తెలియదు. ఇక్కడ సమాధి స్థలం శాశ్వతం కాదు. చాలాచోట్ల 20 ఏళ్లకు అటూ ఇటూ గడువుకిస్తారు, పొడిగించకపోతే రాయితో పాటు మొక్కనూ తీసేస్తారు. మొన్న శరదృతువులో ఒక వరస మొత్తం అలాగే పోయింది. అందుకే మిగిలినవాటి వివరాలు తెలుగులో నోటుబుక్కులో రాసుకుంటున్నాను. "అనామక రకం" అని రాస్తే మా అమ్మ ఫోన్‌లో విని, ఆ మాట బాలేదే అంది. ఏమనాలి? సెంపర్‌వివంను "చిరంజీవి" అనొచ్చా?

*

అమ్మా, మీ అమ్మగారు చెప్పిందే నిజం. అనామకం అంటే సంస్కృతంలో పేరు లేనిదనే. కానీ తెలుగులో "వాడొక అనామకుడు" అన్నామంటే వాణ్ని లెక్కలోంచి తీసేసినట్టే. గడువు తీరి పారేయబోయే మొక్కను మనమూ ఆ మాటే అనకూడదు.

చిరంజీవి సంగతి చూద్దాం. లాటిన్‌లో సెంపర్ అంటే ఎప్పుడూ, వివం అంటే బతికి ఉండేది. ఇంటి కప్పుల మీద పెరిగే జాతికి స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో సెంపర్‌వివం టెక్టోరం అని పేరు పెట్టాడు. టెక్టం అంటే ఇంటి కప్పు. అంతకు చాలా ముందే, 800 ప్రాంతంలో, షార్లెమేన్ చక్రవర్తి ఎస్టేట్ల కోసం వెలువడిన ఆదేశంలో తోటమాలి తన ఇంటి మీద "జూపిటర్ గడ్డం" పెంచాలని ఉంది. అది ఈ మొక్కే. జూపిటర్ రోమన్ల పిడుగు దేవుడు, ఈ మొక్క ఇంటి మీద ఉంటే పిడుగు పడదని నమ్మేవారు. జర్మన్‌లో దీనికి డోన్నర్‌బార్ట్, అంటే ఉరుము గడ్డం, అన్న పేరు కూడా ఉంది కదా.

చిరంజీవి అంటే మనకు పెళ్లి శుభలేఖలో "చి." గుర్తొస్తుంది. అది మనిషికిచ్చే దీవెన. ఈ మొక్కలో ఏ ఆకుల గుత్తికి పూత వస్తే ఆ గుత్తి చచ్చిపోతుంది, చుట్టూ వేసిన పిల్లలు నిలుస్తాయి. ఇది మనకు కొత్త కాదు. అరటి అంతే. గెల వేసిన చెట్టు పోతుంది, పిలక నిలుస్తుంది. కాబట్టి ఆ పిల్లల్ని పిలకలు అనే రాయండి, వాటికి ఇంకో మాట పుట్టించనక్కర్లేదు. పెరటి చక్రకేళి ఏళ్ల తరబడి అదే చక్రకేళిగా ఉండేది ఈ పిలక వల్లే. గింజ మొలిస్తే ఆ నమ్మకం ఉండదు. మరి ఆ సమాధుల మీదున్నది నాటిన మొక్క పిలకేనా, గింజ పడి మొలిచిందా అన్నది ఎలా తెలుస్తుంది?

*

నాదో చిన్న మాట. మాది చిత్తూరు జిల్లా, తమిళ సరిహద్దు. బిళ్ళగన్నేరుకు అటువైపు రెండు పేర్లు: నిత్యకల్యాణి, సుడుగాట్టు మల్లి. సుడుగాడు అంటే శ్మశానం. మలయాళంలో ఏకంగా శవంనారి. మడగాస్కర్ నుంచి వచ్చిన మొక్క. నీళ్లు పోసేవాళ్లు లేకపోయినా బతుకుతుంది కనుక వల్లకాట్లోనూ కనిపిస్తుంది. హిందీలో సదాబహార్. మన తెలుగువాళ్లు మాత్రం చావునీ తలవలేదు, నిత్యాన్నీ తలవలేదు. పువ్వు బిళ్ళలా గుండ్రం, మొక్క పోలిక గన్నేరుది. నిజంగానే రెండూ ఒకే కుటుంబం. కంటికి కనబడింది చెప్పే పేర్లే నాకిష్టం.

*

ఇద్దరికీ దండాలు. పిలకా గింజా అని అడిగారు, అక్కడే నా తిప్పలన్నీ. జాతులు ఒకదానితో ఒకటి తేలిగ్గా సంకరం అవుతాయి, గింజ మొలక తల్లిలా ఉండదు. ఆ పైన రంగు నిలవదు. మే నెలలో పచ్చగా, కొనలు మాత్రం గోధుమరంగుగా ఉన్నదే చలికాలానికి మాగిన నేరేడు రంగుకు తిరుగుతుంది. అందుకే ఒక్క ఫొటో చూసి ఎవరైనా ఫలానా రకం అంటే ఇప్పుడు నమ్మను. భూతద్దం పెట్టి ఆకు అంచు చూస్తాను. టెక్టోరంలో అంచున సన్నని నూగు వరసగా ఉంటుంది, ఆకు మీద నున్నగా ఉంటుంది. కొనల మధ్య సాలెగూడులా తెల్లని దారాలు అల్లుకుంటే అది అరాక్నోయిడియం అనే జాతి వైపుది. పూత వచ్చేదాకా ఆగితే ఇంకా తెలుస్తుంది. నక్షత్రంలా విచ్చుకుంటే సెంపర్‌వివం. గంటలా ఉండి ఆరు రేకులకు కుచ్చు అంచులుంటే దాని దగ్గరి చుట్టం జోవిబార్బా. ఇంతా చూసినా జాతి దాకానే వెళ్లగలను, రకం పేరు మాత్రం దొరకదు. దగ్గరగా కనిపించిందని కేటలాగులో పేరు తగిలిస్తే ఆ తప్పు పిలక వెంట ఊరూరా పోతుంది.

*

మీ ప్రశ్నకు జవాబు మీరే చెప్పేశారమ్మా. మనం "ఊరూ పేరూ లేనిది" అంటాం. ఆ జంటలో ఊరే ముందు. మీ మొక్కకు పేరు లేదు గానీ ఊరుంది. మన ఇంటిపేర్లలో ఎన్ని ఊళ్ల పేర్లో చూడండి. బనగానపల్లె మామిడి బంగినపల్లి అయి దేశమంతా తిరుగుతోంది. మీరూ ఊరు రాయండి, గోడ రాయండి, వరస రాయండి. "పేరు లేని" అనకండి, "పేరు తెలియని" అనండి. ఎవరో ఒక బామ్మ దాన్ని ఏదో ఒకటి అని పిలిచే ఉంటుంది.

*

మార్చేశాను. నిన్న ఒక సమాధి తాలూకు కుటుంబాన్ని అడిగి, సరేనన్నాక ఒక్క పిలక తెచ్చుకున్నాను. చీటీ మీద ఇలా రాశాను:

తూర్పు గోడ పిలక. మూడో వరస, విరిగిన రాయి. పేరు తెలియదు. అంచున నూగు ఉంది. ఇంకా పూయలేదు.