యాసుకే మీద కోపం చరిత్ర కోసమా, రంగు కోసమా?

బల్లార్షా నెట్‌సెంటర్
2005 నుంచి ఎనిమిదేళ్ళు మహారాష్ట్రలోని బల్లార్షాలో నెట్ సెంటర్ నడిపాను. ఆరు కంప్యూటర్లు, గంటకు పదిహేను రూపాయలు. ఆరింటిలో ఐదింటి మీద ఎప్పుడు చూసినా జీటీఏ శాన్ ఆండ్రియాస్ అనే వీడియో గేమే. గని కాలనీ పిల్లలు, పేపరు మిల్లు పిల్లలు అందులో హీరో సీజే కోసం వంతులు వేసుకునేవారు. కోడ్‌లు చిత్తు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకొచ్చేవారు. హీరో నల్లజాతివాడన్న సంగతి ఒక్కరికీ అడ్డం రాలేదు.

ఆ పిల్లలే ఇప్పుడు ముప్పై దాటిన పెద్దమనుషులు. మా వాట్సాప్ గుంపులో యాసుకేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నారు. తెలియనివారి కోసం: అసాసిన్స్ క్రీడ్ షాడోస్ అనే వీడియో గేమ్ 2025 మార్చి 20న వచ్చింది. పదహారో శతాబ్దపు జపాన్ కథ. ఇద్దరు హీరోలు: నావోయే అనే జపాన్ అమ్మాయి, యాసుకే అనే ఆఫ్రికా మనిషి. నావోయే కల్పితం. యాసుకే నిజంగా ఉన్నాడు. 1579లో వలిన్యానో అనే మతగురువు వెంట జపాన్‌లో దిగాడు, 1581లో ఓడా నొబునాగా అనే ప్రభువు కొలువులో చేరాడు.

సీజే ముద్దు, యాసుకే చేదు. ఎందుకు? నాకు తోచింది చెబుతాను. సీజే మనం అనుకున్న చోటే ఉన్నాడు: వీధి ముఠా, తుపాకీ, కారు దొంగతనం. యాసుకే చేతికి కత్తి ఇచ్చి, ఎదుటివాళ్ళ చేత తల వంపించి దండం పెట్టించారు. అది మింగుడు పడలేదు.

ఒంటరి ఎద్దు
ఇక్కడ కూడా మొదలైందా ఈ గోల.

ధర్మాబాద్ మిరప
అన్నా, మీ నెట్ సెంటర్ కథ బాగుంది కానీ వాదన కుదరలేదు. సీజే అమెరికా నగరంలో అమెరికావాడు. వాడి ఊరు, వాడి కథ. ఎవరు కాదంటారు? అసాసిన్స్ క్రీడ్ మొదటినుంచీ ఏం చేసింది? సిరియాకు వెళితే అల్తాయిర్, ఇటలీకి వెళితే ఎజియో, ఈజిప్టుకు వెళితే బాయెక్. ఎక్కడి కథ అక్కడివాడికి. అందరూ కల్పిత పాత్రలే. జపాన్ వంతు రాగానే మాత్రం నిజంగా బతికిన విదేశీయుణ్ని వెతికి తెచ్చారు. జపాన్ మగవాడొకడిని కల్పించడానికి చేతులు రాలేదా? పెద్ద ఆటల్లో ఆసియా మగవాడు హీరో కావడమే అరుదు. ఆ ఒక్క అవకాశమూ పోయింది.

పైగా ఆటలో అతన్ని సమురాయ్‌గా, అంటే జపాన్ యోధవర్గపు మనిషిగా చూపించారు. దానికి రాతపూర్వకమైన ఆధారం లేదు. నొబునాగా చరిత్ర గ్రంథం 'షించో కోకి' ప్రతుల్లో ఒకదానిలో జీతం, ఇల్లు, చిన్న కత్తి ఇచ్చినట్లు ఉంది. సమురాయ్ అన్న మాట లేదు. తయారు చేసిన సంస్థే 2024 జులైలో జపాన్ వారికి క్షమాపణ చెప్పింది. ఈ విషయంలో చర్చ ఉందని ఒప్పుకుంది. ఇందులో రంగు ఎక్కడుంది?

నాందేడ్ నాగమణి
మిరప గారూ, నియో అనే ఆట ఆడారా?

ధర్మాబాద్ మిరప
రెండుసార్లు పూర్తి చేశాను. ఎందుకు?

నాందేడ్ నాగమణి
అందులో హీరో విలియం ఎవరు? 1600లో జపాన్‌లో దిగిన విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషు నావికుడి పేరు మీద చేసిన పాత్ర. పసుపు జుట్టు, తెల్ల చర్మం, చేతిలో జపాన్ కత్తి. ఆ ఆట 2017లో వచ్చింది. అప్పుడు షించో కోకి తెరిచారా?

ధర్మాబాద్ మిరప
అది జపాన్ వాళ్ళు చేసిన ఆట. వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం. పైగా దయ్యాలూ భూతాలూ ఉన్న కథ, చరిత్ర అని ఎవరూ చెప్పుకోలేదు. ఆడమ్స్‌కు ఆ తర్వాత జపాన్ ఏలిక తొకుగావా ఇయెయాసు భూములిచ్చాడు, దానికి పత్రాలున్నాయి. సమురాయ్ అన్న మాటకు ఆధారం చూపండి, అంతే నేను అడిగేది.

సిరొంచ మాస్టారు
చరిత్ర చెప్పుకుని బతికేవాణ్ని కనుక ఒక్క మాట. ఆ రోజుల్లో సమురాయ్ అన్నది రిజిస్టరులో రాసే పదవి కాదు. ప్రభువు కత్తి, జీతం, ఇల్లు ఇచ్చి పక్కన తిప్పుకుంటే ఆ మనిషిని ఏమనాలన్నది పండితులు తేల్చుకోవాల్సింది. అయితే ఆ ఒక్క మాట కోసం వికీపీడియా పేజీ మీద నెలల తరబడి కొట్టుకున్నవారు పండితులు కారు. నావోయే తండ్రి ఎవరు, ఆ పిల్ల ఏ ఊరిది అని ఒక్కరూ ఆధారం అడగలేదు.

ఇంకొకటి. నొబునాగా యాసుకేను మొదటిసారి చూసినప్పుడు ఆ రంగు సహజమంటే నమ్మలేదు. నడుము పైన బట్టలు తీయించి చూశాడని పాద్రీల ఉత్తరాల్లో ఉంది. చదివినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆదివారం పూట శనగపిండి, పసుపు కలిపి నా వీపు ఊడేలా రుద్దేది. "లోపల తెల్లగా ఉంటాడు, దుమ్ము పట్టింది" అనేది. యాభై రెండేళ్ళు వచ్చాయి. దుమ్ము ఇంకా పోలేదు.

ఒంటరి ఎద్దు
మాస్టారి మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దేగ్లూర్ దారి
మనకు రంగు పట్టింపు లేదనేవారి కోసం: 2020లో వెస్టిండీస్ క్రికెటర్ డారెన్ సామీ ఏమన్నాడో గుర్తుందా? సన్‌రైజర్స్ హైదరాబాద్‌లో ఆడినప్పుడు తనను, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరాను 'కాలూ' అని పిలిచేవారని, అదేదో బలమైనవాడు అనే అర్థమనుకున్నానని, 'నల్లోడు' అనే అసలు అర్థం తర్వాత తెలిసిందని. ఇన్నేళ్ళు నవ్వుతూ పలికాడు పాపం.

ధర్మాబాద్ మిరప
క్రికెట్‌కూ దీనికీ సంబంధం ఏమిటి? రంగు పట్టింపు ఉందని నేను కాదనలేదు. ఈ ఆట మీద నా అభ్యంతరానికి అది కారణం కాదన్నాను. ప్రశ్న ఒకటి, జవాబు ఇంకొకటి. ఆధారం.

నాందేడ్ నాగమణి
సరే, మీ దారిలోనే వస్తాను. ఎక్కడి కథ అక్కడివాడికే చెందాలన్నారు. 2024లో గెన్షిన్ ఇంపాక్ట్ అనే ఆటలో నాట్లాన్ అనే దేశం చూపించారు. ఆఫ్రికా, లాటిన్ అమెరికా సంస్కృతుల నుంచి పేర్లు తెచ్చారు, బట్టలు తెచ్చారు, సంగీతం తెచ్చారు. మనుషులను మాత్రం తేలేదు, పాత్రల్లో చాలామంది తెల్లటివారే. నిరసన వచ్చింది, ఆ ఆటకు గొంతు ఇచ్చిన కొందరు కళాకారులు కూడా మాట్లాడారు. అప్పుడు మా గుంపులో చరిత్ర ప్రేమికులు ఏమన్నారో తెలుసా? "ఇది కల్పన, రంగు గోల ఎందుకు?" ఏడాది తిరగకముందే షాడోస్ వచ్చేసరికి అదే నోటితో "చరిత్ర, చరిత్ర". పట్టింపు చరిత్ర మీదే అయితే రెండు చోట్లా ఉండాలి కదా.

ఓవర్‌వాచ్ అనే ఆట 2016లో వచ్చింది. వానరుడు హీరో అయ్యాడు, చిట్టెలుక హీరో అయింది. నల్లజాతి స్త్రీ ఒక్కతి ఆ వరుసలోకి రావడానికి 2022 వరకూ పట్టింది, సోజర్న్. దాని మీద ఎవరూ ఆరేళ్ళు ఏడవలేదు.

నా సంగతి కూడా చెబుతాను. వాలొరాంట్ అనే తుపాకుల ఆటలో నేను ఆడేది ఆస్ట్రా, ఘానా అమ్మాయి. తప్పు చేస్తే జట్టులో వాళ్ళు నన్ను తిట్టరు, ఆమె రంగును తిడతారు. జెట్ అనే కొరియా అమ్మాయిని తీసుకుని అదే తప్పు చేసిన రోజున "ఆట రాదా?" అంటారు, అంతే.

ఒంటరి ఎద్దు
మనల్ని మాత్రం ఎలా చూపించారు? స్ట్రీట్ ఫైటర్ అనే ఆటలో మన దేశపు యోగి ధల్సిమ్. మెడలో పుర్రెల దండ, నోట్లోంచి మంట, రబ్బరు చేతులు. 1991 నుంచి అదే భారతదేశం. ఎవడైనా అడిగాడా?

దేగ్లూర్ దారి
నువ్వు అడిగావా?

ఒంటరి ఎద్దు
నాకు ఆ దెబ్బ ఇష్టం. దూరం నుంచే తగులుతుంది.

సిరొంచ మాస్టారు
మిరప గారికి ఒక ప్రశ్న. యాసుకే లాంటివాడు మన దక్కనులో కూడా ఉన్నాడు, ఇంచుమించు అదే కాలం. మాలిక్ అంబర్. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, అహ్మద్‌నగర్ నిజాంషాహీకి అన్నీ తానే అయ్యాడు. 1610లో ఖడ్కీ పట్నం కట్టించాడు, అదే తర్వాత ఔరంగాబాద్ అయింది. 1626లో చనిపోయేవరకూ మొగలులకు కొరకరాని కొయ్య. జహంగీర్ అతన్ని చంపలేకపోయాడు, పట్టుకోలేకపోయాడు. చివరికి ఒక చిత్రం గీయించుకున్నాడు. అందులో అంబర్ తల ఈటె మీద ఉంటుంది, పాదుషా గురి చూసి బాణం వేస్తుంటాడు. యుద్ధంలో కానిది బొమ్మలో. ఇప్పుడు యాసుకే మొహాన్ని నానా రకాలుగా మార్చి పంపుతున్న కుర్రవాళ్ళను చూస్తే నాకు ఆ పాదుషాయే గుర్తొస్తాడు.

అంబర్ హీరోగా దక్కను ఆట వస్తే మీకు అభ్యంతరమా?

ధర్మాబాద్ మిరప
లేదు. అంబర్ పాతికేళ్ళు ఈ నేలను ఏలాడు, చెరువులూ కాలువలూ కట్టించాడు, ఇక్కడే మట్టిలో కలిశాడు. యాసుకే నొబునాగా దగ్గర ఉన్నది ఏడాది మీద కొన్ని నెలలు. 1582 జూన్‌లో నొబునాగా చనిపోయాక ఏమయ్యాడో జాడ లేదు. వచ్చి పోయినవాడికీ ఉండిపోయినవాడికీ తేడా ఉండదా?

బల్లార్షా నెట్‌సెంటర్
ఇప్పుడు దారికి వచ్చారు. సమురాయ్ కాదు మీ బాధ, ఎన్నేళ్ళు ఉన్నాడన్నది. అయితే ఎన్నేళ్ళు ఉంటే ఆ ఊరివాడు అవుతాడో ఒక లెక్క చెప్పండి. రాసుకుంటాను.

ధర్మాబాద్ మిరప
మీరెందుకు అంత పట్టుబడుతున్నారో అర్థమవుతోంది అన్నా. వలస వచ్చినవారికి వలస వచ్చినవాడే హీరోగా కనిపిస్తాడు.

దేగ్లూర్ దారి
అయ్యయ్యో.

బల్లార్షా నెట్‌సెంటర్
మా తాత కరీంనగర్ పల్లె వదిలి బల్లార్షా గనిలో తట్ట మోయడానికి వచ్చాడు. మా నాన్న అక్కడే పుట్టాడు, నేను అక్కడే, నా కొడుకూ అక్కడే. నాకు మరాఠీ మీకంటే బాగా వచ్చు, పందెం. అయినా ఏ ఆఫీసుకు వెళ్ళినా కాగితం చూడకముందే మొహం చూసి "తుమచం గావ్ కుఠలం?" అంటారు. మీ ఊరేది అని. బల్లార్షా అంటే నవ్వుతారు. "అది కాదు, అసలు ఊరు?" ఈ నలుపు మొహానికి ఇక్కడి ఊరు సరిపోదు వాళ్ళకు. నెట్ సెంటర్‌కు షాపు అద్దెకు అడిగిన రోజున ఒకాయన నా ఎదురుగానే "మద్రాసీలకు ఇవ్వం" అన్నాడు. మూడు తరాలు.

అవును, నాకు యాసుకేలో మా తాత కనిపిస్తాడు. పరాయి నేల మీద అడుగు పెట్టగానే బట్టలు విప్పి చూసినా, నిలబడి పని చేసినవాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా "అసలు ఊరేది?" అనే అడుగుతున్నారు మీరంతా. ఆధారమట, ఆధారం.

ఒంటరి ఎద్దు
రేపు మాట్లాడుకోండి, రాత్రి పన్నెండయింది.

ధర్మాబాద్ మిరప
నేను ఆ మాట అనకూడదు. తప్పే. కానీ నా మాట కూడా వినండి.

మేము ఎక్కడినుంచీ రాలేదు. 1956లో నాందేడ్ జిల్లాను హైదరాబాదు నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపారు, మా ఇల్లు మాత్రం కదలలేదు. మా నాన్న ఇరవై ఏళ్ళు సైకిల్ మీద తిరిగి మా చుట్టుపక్కల ఊళ్ళ కథలు రాసుకున్నాడు. గడీల కథలు, వెట్టి కథలు, రజాకార్ల కాలం కథలు. పద్నాలుగు నోటు పుస్తకాలు. ఒకసారి తాలూకా స్థాయిలో ప్రాంత చరిత్ర మీద సభ పెట్టారు. వేదిక మీద మాట్లాడింది పెద్ద నగరం నుంచి కారులో దిగిన ఒకాయన. మా నాన్న పుస్తకాలు ముందురోజు రాత్రి చదువుకుని వచ్చాడు. చక్కగా మాట్లాడాడు, శాలువా కప్పారు. మా నాన్న కుర్చీలు వేశాడు. నేనూ వేశాను. నాకు పదకొండేళ్ళు.

ఆ రోజు నుంచి ఏ ఊరి కథలో అయినా బయటివాడు మధ్యలో నిలబడితే నాకు ఆ కుర్చీలే కనిపిస్తాయి. మీకు యాసుకేలో తాత కనిపిస్తే, నాకు ఆ ఆటలో లేని జపాన్ మగవాడిలో మా నాన్న కనిపిస్తాడు. రంగు కాదు అని అందుకే అంటున్నాను.

సిరొంచ మాస్టారు
ఆ నోటు పుస్తకాలు ఇంకా ఉన్నాయా బాబూ?

ధర్మాబాద్ మిరప
తొమ్మిది ఉన్నాయి మాస్టారూ. మిగతావి ఆ సభకని తీసుకెళ్ళి ఇవ్వలేదు.

బల్లార్షా నెట్‌సెంటర్
తమ్ముడూ, ఈ కుర్చీల మాట మొదటే చెప్పి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు. కానీ అడగక తప్పదు, కోపం తెచ్చుకోకు. నాన్నగారి కుర్చీ లాక్కున్నది కారులో వచ్చిన పెద్దమనిషి. అలాంటి పెద్దమనిషి 2017లో విలియం రూపంలో కూర్చుంటే నువ్వు రెండుసార్లు ఆడావు. యాసుకే ఆ కారులోంచి దిగినవాడు కాదు. ఆ కారులో సామాను మోసుకుంటూ వచ్చినవాడు.

ధర్మాబాద్ మిరప
నియో ఆడినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. విలియం అక్కడ ఎందుకున్నాడని అనిపించనేలేదు. ఆ జుట్టు, ఆ చర్మం, హీరో అంటే అలాగే ఉంటాడనుకున్నాను. అది నిజం.

సమురాయ్ మాట మీద మాత్రం వెనక్కి తగ్గను.

దేగ్లూర్ దారి
తగ్గకు. రేపు అది లేకపోతే మాకు పొద్దుపోదు.

నాందేడ్ నాగమణి
తాతా, నాన్నా అయిపోయారు కదా. నేను హైదరాబాదులో ఫార్మసీ చదువుతున్నాను. మా తరగతిలో టాంజానియా అబ్బాయి ఉన్నాడు, ఆదివారం బీజీఎంఐ అనే ఫోన్ తుపాకుల ఆటలో మాతో కలుస్తాడు. గురి మా అందరికంటే బాగుంటుంది. పాత్రను ఎంచుకునేటప్పుడు ప్రతిసారీ తెల్ల మొహమే పెట్టుకుంటాడు. ఒకసారి ఎందుకని అడిగాను. "ఎదుటి జట్టు ఒక్కటే కాలిస్తే చాలు" అన్నాడు.

ధర్మాబాద్ మిరప
మైకు కూడా ఆపేస్తాడా?

నాందేడ్ నాగమణి
ఆపేస్తాడు. అన్నీ టైపు చేస్తాడు.