అప్‌డేట్: తెల్ల కొంగ ఈకలు ఇప్పుడు విడివిడిగా వస్తున్నాయి

ఎండలో తెల్ల కొంగను ఫొటో తీస్తే ఒళ్లంతా సున్నం పూసినట్టు వస్తోంది, ఈకల గీతలే కనబడటం లేదు, ఏం చేయాలని అడిగాను కదా. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్, పని చేసింది.

ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా తనంతట లెక్కేసిన వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) తగ్గించమని ఎక్కువమంది అన్నారు. నల్లటి నీళ్ల ముందు కొంగ చిన్నగా ఉన్నప్పుడు మైనస్ 1 నుంచి మైనస్ 1.7 స్టాప్‌ల దాకా (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది) బాగానే కుదిరింది. కానీ అదే కొంగ దగ్గరికొచ్చి ఫ్రేమంతా నిండితే, కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఆ తెలుపును చూసి తనే వెలుగు తగ్గించేస్తుంది. అప్పుడు కూడా మైనస్‌లోనే ఉంటే బూడిదరంగు కొంగ వస్తుంది. ఎగిరి ఆకాశం ముందుకెళ్తే లెక్క మళ్లీ మారుతుంది. కొంగ మీద పడే ఎండ మాత్రం అదే కదా! అందుకే మాన్యువల్ (సెట్టింగులన్నీ మనమే పెట్టే మోడ్) పెట్టమన్నవాళ్లకే నా ఓటు. నిండు ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టర్ 1/3200 సెకను. సన్నీ 16 (నిండు ఎండలో ఎఫ్/16 పెడితే షట్టర్ 1/ఐఎస్ఓ అనే సూత్రం) లెక్కన ఎఫ్/8కి 1/1600 రావాలి, తెలుపు కోసం ఒక స్టాప్ తగ్గించానన్నమాట. మబ్బు పడితే మార్చుకోవాల్సిందే.

జూమ్ చేసి చూస్తే వీపు మీది సన్నటి పీచు ఈకలు దేనికది తెలుస్తోంది, రెక్క మడత కింద లేత నీలి నీడ కూడా. ఎంత బాగుందో!

కాళ్లు కాస్త నల్లబడ్డాయి కానీ రా ఫైల్లో (సెన్సర్ పట్టిన వివరాలన్నీ ఉండే ఫైలు) నీడలు లేపితే సరిపోయింది. ఇంకొకటి, సాయంత్రం నీరెండలో మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టున్నా ఎరుపు ఛానెల్ ముందే కుడి అంచు దాటేస్తోంది, అంటే ఆ రంగులో వివరాలు పోతున్నాయి. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపేది) ఆన్ చేసుకుని చూడండి.