పాత జాతకంలో ఘడియలు–విఘడియలను గడియారం టైంలోకి మార్చడం: లెక్క ఎక్కడ తప్పుతోంది?

పాతకాగితం:
మా తాతగారి జాతకం రాసిన నోటుపుస్తకం దొరికింది. పుట్టింది 1943 మార్చి 21, రాజమండ్రి. "సూర్యోదయాది గత ఘ. 37-42" అని ఉంది, అంటే సూర్యోదయం నుంచి గడిచిన ఘడియలు. ఆ పేజీ మార్జిన్‌లో పెన్సిల్‌తో "రా. 10-15" అని గడియారం టైం కూడా రాశారు. యాప్‌లో ఆ తేదీకి రాజమండ్రి సూర్యోదయం 6.07 చూపిస్తోంది. 37.42ని 24తో గుణిస్తే 898 నిమిషాలు, అంటే 14 గంటల 58 నిమిషాలు. 6.07కి కలిపితే రాత్రి 9.05 వస్తోంది. పెన్సిల్ టైంకి గంటా పది నిమిషాలు తేడా. దేన్ని నమ్మాలి?

నడిజాము:
ముందు గుణకారం సరిచూద్దాం అండీ. 37-42 అంటే 37.42 కాదు. ఆ గీత దశాంశ బిందువు కాదు, 60 విఘడియలైతేనే ఒక ఘడియ. 42 విఘడియలంటే ఘడియలో 0.7 వంతు, కాబట్టి మీరు గుణించాల్సింది 37.7ని.

ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు.
37 × 24 = 888 నిమిషాలు
42 × 24 = 1008 సెకన్లు, అంటే 16 నిమిషాల 48 సెకన్లు
మొత్తం 904 నిమిషాల 48 సెకన్లు, అంటే 15 గంటల 4 నిమిషాల 48 సెకన్లు.

కాగితం లేకుండా చేయాలంటే ఐదేసి ఘడియల లెక్క సులువు. 5 ఘడియలు 2 గంటలు, 5 విఘడియలు 2 నిమిషాలు. 35 ఘడియలకు 14 గంటలు పోగా మిగిలింది 2-42. ఆ రెండు ఘడియలకు 48 నిమిషాలు, 42 విఘడియలకు సుమారు 17. పాత పంచాంగాల్లో తిథి, నక్షత్రం ఎప్పటిదాకా ఉన్నాయో చూడటానికీ ఇదే పద్ధతి.

6.07కి కలిపితే రా. 9.12. అయినా గంట పైన తేడా ఉంది, అది గుణకారంలోది కాదు.

సిద్ధాంత గణితం:
మిగిలిన తేడాకి రెండు కారణాలున్నాయి.

ఒకటి, సూర్యోదయం. యాప్‌లు సూర్యబింబం పై అంచు కనిపించే క్షణాన్ని ఇస్తాయి, వాతావరణంలో కాంతి వంగడాన్ని కూడా కలుపుకొని. సంప్రదాయ గణితంలో బింబం మధ్యభాగం క్షితిజాన్ని తాకే క్షణం తీసుకుంటారు. మన అక్షాంశాల దగ్గర ఈ రెంటికీ సుమారు మూడున్నర నిమిషాలు, అంటే 9 విఘడియల తేడా. ఆ లెక్కన సూర్యోదయం 6.10 దాటాక, జననం రా. 9.15.

రెండోది అసలైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య దాకా, దేశమంతటా గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. ఇప్పటి టైం 9.15 అయితే ఆ రోజు గోడ గడియారంలో 10.15. పెన్సిల్ అంకె, ఘడియల అంకె రెండూ సరైనవే.

ఇంకో పరీక్ష కూడా చేయొచ్చు. జాతకం రాసినవారు ఆ గంట తీసేయడం మరిచిపోయి ఉంటే ఘడియలు రెండున్నర ఎక్కువై 40-12 అని ఉండేది. 37-42 అని ఉందంటే తీసేశాకే రాశారన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. కొన్నిటిలో యుద్ధకాలపు గంట దానంతటదే సర్దుకుంటుంది, కొన్నిటిలో సర్దుకోదు. 9.15, 10.15 రెండూ వేసి చూడండి, నోటుపుస్తకంలోని లగ్నం (పుట్టిన క్షణాన తూర్పున ఉదయిస్తున్న రాశి) దేనితో కలిస్తే అది. లగ్నం ఒక రాశి దాటడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది కనుక గంట తేడాకి రాశి మారే అవకాశం బాగానే ఉంది. మూడున్నర నిమిషాలకి రాశి అంచున ఉంటే తప్ప మారదు, నవాంశ (రాశిలో తొమ్మిదో వంతు) మాత్రం పదమూడు నిమిషాలకే మారిపోతుంది.

పాతకాగితం:
చాలా కృతజ్ఞతలు అండీ. ఇదే పుస్తకంలో ఇంట్లో మిగతా వాళ్ళ జాతకాలూ ఉన్నాయి. అన్నీ ఎక్సెల్‌లో వేద్దామనుకుంటున్నా. కొన్నిచోట్ల "నక్షత్ర ఆద్యంతం 58-20, భుక్తి 21-10" అని ఉంది. వీటినీ సూర్యోదయానికే కలపాలా?

నడిజాము:
ఎక్సెల్‌కి ఒక రోజు అంటే 1. మనకి రోజుకి 60 ఘడియలు. అందుకని 24తో పనే లేదు. ఏ2లో ఘడియలు, బి2లో విఘడియలు, సి2లో సూర్యోదయం వేసి =సి2+ఏ2/60+బి2/3600 అని ఇవ్వండి. ఘడియలు, విఘడియలు వేరువేరు గడుల్లోనే ఉండాలి. 5-12 అని ఒకే గడిలో కొడితే దాన్ని తేదీ కింద మార్చేస్తుంది. ఫలితం 1 దాటితే అర్ధరాత్రి దాటినట్టు, ఇంగ్లీషు తేదీ ఒకటి పెంచాలి. మామూలు టైం ఫార్మాట్‌లో ఆ 1 కనబడదు, అందుకని పక్క గడిలో అదే ఫలితాన్ని నంబరు రూపంలో కూడా ఉంచుకోండి.

సిద్ధాంత గణితం:
ఆద్యంతం, భుక్తి సూర్యోదయానికి కలపకూడదు. ఆద్యంతం అంటే ఆ నక్షత్రం మొత్తం నిడివి, భుక్తి అంటే జననం నాటికి అందులో గడిచింది. దశా శేషం కోసం, అంటే పుట్టినప్పుడు నడుస్తున్న గ్రహదశలో ఇంకా మిగిలిన కాలం కట్టడానికి రాసినవి. ఇక్కడ కావాల్సింది నిష్పత్తి కాబట్టి గంటల్లోకి మార్చే పనే లేదు, రెంటినీ విఘడియలు చేస్తే చాలు.

58-20 = 3500, 21-10 = 1270. మిగిలింది 2230. శుక్ర దశ (మొత్తం 20 ఏళ్ళు) అయితే 20 × 2230 ÷ 3500 = 12.743 సంవత్సరాలు, అంటే 12 ఏళ్ళ 8 నెలల 27 రోజులు.

ఎక్కడైనా 37-42-30 అని మూడో అంకె కనిపిస్తే అది విఘడియలో అరవయ్యో వంతు, 0.4 సెకను. సూర్యోదయంలోనే నిమిషాల తేడా ఉన్నప్పుడు దాన్ని వదిలేయొచ్చు.